మామ పెట్టెలో గుర్తు లేని కలం

ఆ కాలంలో మనిషికి పేరు లేకపోయినా గడిచేది గాని, గిన్నెకు పేరు లేకపోతే గడిచేది కాదు. మనిషిని "ఓ పిల్లా" అన్నా, "ఓ ముసలోడా" అన్నా పలుకుతాడు. ఇత్తడి బిందె పలకదు కదా. ఎవరింటి పెండ్లికో పోయిన గంగాళం మళ్లీ సొంత ఇంటికి రావాలంటే దాని కడుపు మీద పేరు చెక్కి ఉండాలి. అందుకే ఎల్లారెడ్డిలో మా మామకు చేతి నిండా పని ఉండేది. మామ అంటే నా పెనిమిటి తండ్రి. ఊరంతా ఆయనను గీతల తాత అని పిలిచేది. ఇవాళ మిషన్ పెట్టి గర్రుమనిపించి రెండు నిమిషాల్లో చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఇస్తున్నారు. ఆరు నెలలు తోమితే అది పోతుంది. (పోయినా ఎవరికీ పట్టదు. ఇవాళ ఒకరి గిన్నెలు ఇంకొకరు అడుగుతున్నారా ఏమన్నా.) మామ చెక్కిన పేరు తోమిన కొద్దీ తేలేది. అలాంటి మనిషి పని నా నోటి వల్ల ఆగిపోయింది. అది చెప్పడానికే ఈ కాగితం ముందు పెట్టుకున్నాను. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి, కాబట్టి చుట్టు తిప్పి రాయడం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను కామారెడ్డి పిల్లను. మా అమ్మగారి ఇల్లు రైలు స్టేషనుకు దగ్గర. రైలు కూతకు లేచే పిల్లను కోడి కూతకు లేచే ఊరికి ఇస్తారా అని పెండ్లినాడే ఏడ్చాను. (అసలు ఏడ్చింది కొత్త గాజులు ఇరుకై చేతులు మండినందుకు. రైలు పేరు చెబితే కొంచెం గౌరవంగా ఉంటుందనిపించింది.) అప్పటికి నాకు పదహారేండ్లు. అత్త నేను రాకముందే పోయింది. మా ఆయన కామారెడ్డిలోనే ఒక బట్టల దుకాణంలో పని చేస్తూ ఐతారం ఐతారం ఇంటికి వచ్చేవాడు. మామకు బువ్వ వండిపెట్టే మనిషి కావాలి గనుక నన్ను ఎల్లారెడ్డిలో దింపారు. అంటే రైలున్న ఊరి పిల్ల వచ్చి రైలు లేని ఊళ్లో కూర్చుంటే, రైలు లేని ఊరి పిల్లవాడు పోయి రైలున్న ఊళ్లో తిరుగుతున్నాడు. ఇదేం న్యాయమని రోజూ పొయ్యితో కొట్లాడేదాన్ని. వినడానికి ఇంట్లో ఇంకెవరూ లేరు. మామ ముందు కోడలు కూర్చోకూడదు, ఎదురుగా నిలబడి మాట్లాడకూడదు. తలుపు చాటున కొంగు నెత్తిన వేసుకుని, "మామా, బువ్వ పెట్టిన, రాండ్రి" అనాలి. అంతవరకే మాటలు.

మామ వాకిట్లో అరుగు మీద కూర్చుని పని చేసేవాడు. పక్కన ఒక టేకు పెట్టె. అది తెరిస్తే లోపల పుట్టగొడుగులకు ఇనుప ముక్కు మొలిచినట్టు పొట్టి పొట్టి పనిముట్లు. ఒక్కొక్కదానికి గుండ్రటి కొయ్య పిడి, పిడికి అంటుకుని లక్క ముద్దలు, దారపు చుట్లు, గుడ్డ పీలికలు. ఇత్తడి మీద చెక్కే ఆ ఉలులను మా ఇంట్లో కలాలు అనేవారు. నాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. వచ్చిన వారానికి పక్కింటి గాజులవ్వను (గాజులు అమ్మే ముసలామె, మా వాడకు ఆమె నోరే డప్పు) మెల్లగా అడిగాను.

"అవ్వా, మా మామ పండ్లు వీకుతడా?"

గాజులవ్వ నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. ఆ పొద్దు వాడంతా తిరిగి, గాజులు తొడిగిన ప్రతి చెయ్యికీ ఆ ముచ్చట చెప్పింది. తిరిగొచ్చి మామ ముందు నిలబడి, "ఏమయ్యా, నా కింది పన్ను కదులుతున్నది, నీ కోడలు నీ దగ్గరికి వొమ్మన్నది" అంది. మామ నవ్వాడు. నేను రెండు రోజులు గడప దాటలేదు.

ఆ తర్వాతనైనా పెట్టె జోలికి పోకుండా ఉండాల్సింది. పొలాల పండుగకు గరిజెలు (కజ్జికాయలు) చేస్తున్నాను. అంచులు వేళ్లతో మడవడం నాకు సరిగా రాదు. పెట్టెలో పండ్ల చక్రం ఒకటి చూసి పెట్టుకున్నాను. చిన్న కొయ్యకు చివర గింజంత చక్రం, దాని చుట్టూ సన్నని పండ్లు. మామ బయటికి పోయినప్పుడు తెచ్చి గరిజెల అంచు మీద తిప్పితే ఎంత అందంగా వచ్చిందని. కడిగి తిరిగి పెట్టేశాను. మామ తినడానికి కూర్చుని గరిజె చేతిలోకి తీసుకుని, నోట్లో పెట్టుకోకుండా అంచు మీద వేలు పోనిచ్చాడు. అటు చివరి దాకా పోనిచ్చి, మళ్లీ వెనక్కి తెచ్చాడు.

"బిడ్డా, నా చక్రానికి ఒక పన్ను ఇరిగి ఉన్నది. ఈ గరిజెకు గూడ ఇరిగి ఉన్నది."

నేను తలుపు వెనక్కి ఇంకా జరిగాను. మామ మాత్రం ఆ పూట ఏడు గరిజెలు తిన్నాడు. అది ఇత్తడి పళ్లేల అంచుకు చుక్కల గీత వేసే చక్రమట. "పళ్లెం మీద నడిచినా, పిండి మీద నడిచినా దానికి కావాల్సింది నెమ్మదే. ఉరికిచ్చినవ్, అందుకే జర వంకర వోయింది" అన్నాడు. ముసలాయన చూపు ఎంత సన్నదో అని నేను ఆశ్చర్యపోయాను. ఆయన గరిజెను చూడలేదని, తడిమాడని నాకు తట్టలేదు. రైలు చూసిన పిల్లనని ఎగిరేదాన్ని గాని, కంటి ముందున్నది చూసే తెలివి అప్పటికి రాలేదు.

దసరా వచ్చింది. చేతిపని చేసే ప్రతి ఇంట్లో ఆ పండుగకు పనిముట్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుతారు. పండుగకు ముందు మామ బండి కట్టించుకుని కామారెడ్డికి పోయాడు. మాచారెడ్డి ఊరి వాళ్లంతా కలిసి, పెండ్లిళ్లకూ పెద్ద వంటలకూ వాడుకోవడానికి ఆరు గంగాళాలు ఊరుమ్మడిగా కొన్నారు. వాటి మీద ఊరి పేరు, ఇచ్చినవాళ్ల పేర్లు చెక్కాలి. మామకూ చదువు రాదు. బడి పంతులు గిన్నె మీద సున్నంతో అక్షరాలు రాసిస్తే, ఆ గీతల వెంట చెక్కుకుంటూ పోవడమే ఆయన పని. ఆ పంతులు కామారెడ్డిలో ఉండేవాడు గనుక గంగాళాలు బండిలో వేసుకుని అక్కడికి పోయాడు. సున్నంలో తుమ్మ బంక చిక్కగా కలిపి రాయమని మామ ప్రత్యేకంగా చెప్పి రాయించుకునేవాడు. ఎందుకో నేను అడగలేదు.

మామ లేని ఆ రెండు రోజుల్లో మా అమ్మ పెంపకం నాలో నిద్ర లేచింది. మా అమ్మ పొయ్యి రాళ్లను కూడా తోమే మనిషి. నేను పెట్టెను వాకిట్లో బోర్లించాను. పిడుల మీది లక్క ముద్దలన్నీ కత్తితో గోకేశాను. దారాలు కోసేశాను, గుడ్డ పీలికలు పొయ్యిలో వేశాను. చింతపండు, బూడిద పెట్టి ఒక్కొక్క కలాన్ని తోమితే వెండిలా తేలాయి. రెండు కలాల మొనలు వంగి ఉంటే, పాపం ఎప్పుడు కింద పడ్డాయో అని రోలు మీద పెట్టి రోకలితో కొట్టి నిటారు చేశాను. (ఒకటి నిటారైంది, ఒకటి విరిగింది. విరిగిన ముక్కను తులసి కోట కింద దాచాను.) పిడులకు నువ్వుల నూనె రాసి, అన్నీ ఒకే తీరుగా వరుసగా పేర్చి, పసుపు కుంకుమ పెట్టాను. గాజులవ్వను పిలిచి చూపించాను కూడా. "నీ మామకు పెట్టె కాదే, పెండ్లికొడుకును తయారు చేసినవ్" అంది. ఆ రోజు నా అంత మంచి కోడలు కామారెడ్డి జిల్లాలోనే లేదనుకున్నాను. (అప్పుడు కామారెడ్డి జిల్లా లేదు. అది వేరే సంగతి.)

దసరా తెల్లారి మామ గంగాళాన్ని ఇసుక దిండు మీద కుదురుగా పెట్టుకుని, పెట్టెలో చెయ్యి పెట్టాడు. ఒక కలం తీశాడు, పిడి మీద బొటనవేలు రాశాడు, తిరిగి పెట్టాడు. ఇంకొకటి తీశాడు, పెట్టాడు. నేను తలుపు చాటున మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాను. ఆయన అన్నింటినీ ఒకసారి తీసి పెట్టి, మళ్లీ మొదటిది తీశాడు.

"బిడ్డా, ఇది ఎవరి పెట్టె?"

"మనదే మామా. పండుగకు తోమి పెట్టిన."

"లక్క ఏది?"

"గోకిన మామా. మురికి లెక్క అంటుకొని ఉండె."

"దారాలు?"

"కోసిన."

ఆయన చేతులు రెండూ పెట్టె మీద పెట్టుకున్నాడు. "ఎంతసేపు వట్టింది తోమనీకి?" అని అడిగాడు.

"రెండు దినాలు మామా" అన్నాను, ఇంకా గర్వంగానే.

"నాకు మూడేండ్లు వట్టింది బిడ్డా, అవి ఒక్కొక్కటి పెట్టుకోనీకి. జర ఇటు రా. సిగ్గు పడకు. ముంగట కూసో."

అప్పుడు చెప్పాడు. మూడేండ్లుగా చూపు తగ్గుతూ వచ్చిందట. ఇప్పుడు ఎండ, నీడ తేడా తెలుస్తుంది, మనిషి ఆకారం తెలుస్తుంది, అంతే. ఏ కలం ఏదో పిడి మీది గుర్తును బట్టి తెలుసుకునేవాడు. ఒక లక్క ముద్ద ఉంటే ఒకటి, రెండుంటే ఒకటి, దారం చుట్టు ఉంటే ఒకటి. గిన్నె మీది అక్షరాలు బంక ఎండి పైకి తేలుతాయి గనుక ఎడమ చేతి వేలితో తడుముతూ, కుడి చేత్తో చెక్కుకుంటూ పోతున్నాడు. ఈ సంగతి కొడుక్కి కూడా తెలియదు.

"వానికి తెలిస్తే పెట్టె మూసి నన్ను కామారెడ్డికి తీస్కపోతడు. ఊళ్లె తెలిస్తే గుడ్డోనికి గిన్నె ఎవలిస్తరు? పని వోయినంక నేను ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. ఎవలకు చెప్పకు బిడ్డా. నీకు దండం పెడ్త."

మామ కోడలికి దండం పెడతాననడం నేను అంతకుముందు వినలేదు. ఎవరికీ చెప్పనని పొయ్యి మీద ఒట్టు వేశాను.

ఇక పని మొదలైంది. ఏది ఏ కలమో మళ్లీ తెలుసుకోవాలి. మొన మరీ సన్నగా ఉండడం వల్ల వేలితో ఆయనకు పూర్తిగా అందదు, వేలు తెగుతుంది కూడా. నేను చూసి చెప్పాలి. నాకు తెలిసింది వంటిల్లు ఒక్కటే.

"వడ్లగింజను అడ్డంగ కోసినట్టున్నది మామా ఇది."

"ఆఁ. అది అచ్చరం గీత తీసేది. అన్నిటికి అదే పెద్దది. పక్కకు పెట్టు."

"ఇది బొటనవేలు గోరు తీర్గ, సాఫ్‌గ, ఎడల్పుగ."

"గీతల నడుమ గుంత చదును చేసేది."

"మెంతిగింజ లెక్క గుండ్రంగున్నది."

"సున్న తిప్పేది. మన అచ్చరాలన్ని సున్నలేనాయె, అదే ఎక్కువ అరిగింది చూడు."

"ఇది దువ్వెన."

"దువ్వెన కాదు. ఒక్క తోపుకు ఆరు గీతలు వడ్తయ్. ఆకుల అంచుకు నీడ పెట్టేది."

"దువ్వెనే మామా. దీంతోని పేన్లు గూడ వస్తయ్."

మామ నవ్వాడు. ఆ రోజుకు అదే మొదటి నవ్వు. మొన లేకుండా నున్నగా పాము తలలా ఉన్న ఇంకొకటి తీసి, ఇది మొద్దుబారిపోయిందన్నాను. "అది గట్లనే ఉండాలె. చెయ్యి జారి తప్పు గీత వడితే దాంతోని రుద్ది రుద్ది పండుకోబెడ్తం. అది లేని చెక్కేటోడు లేడు" అన్నాడు. నేను నిటారు చేసిన వంకర కలాలు గిన్నె లోపలి వంపులో చెక్కడానికి కావాలనే వంచినవట. విరిగిన ముక్కను తులసి కోట కింద నుంచి తెచ్చి ఇచ్చాను. సానరాయి మీద రాసి దానికి కొత్త మొన తీశాడు.

ఒక కలాన్ని ఆయన పట్టుకున్నట్టే నేనూ పట్టి చూశాను. అది నా అరచెయ్యి దాటి, ముందు బెత్తెడు పొడుచుకొచ్చింది. "ఇది నా చేతిల వడ్తలేదు మామా" అన్నాను.

"ఎట్ల వడ్తది? ఎవల కలం వాళ్లదే. పిడి గుండు అరచేతి గుంతల కూసోవాలె. మొన బొటనవేలు దాటి గోరంత బయటికి రావాలె. ఎక్కువైతే జారుతది, తక్కువైతే తెగది. నా కలాలు నా కొడుకు చేతుల గూడ వడయి. ఎవల చెయ్యి కొలతకు వాళ్లు కోసుకోవాలె."

గుర్తుల సంగతి నేను తేల్చాను. లక్క కరిగించి, ఒక్కొక్క పిడికి ఒక్కొక్క గింజ అంటించాను. అక్షరం తీసేదానికి కంది, సున్న తిప్పేదానికి పెసర, గోరు కలానికి చింతగింజ, దువ్వెనకు వేరుశనగ. మామ వేలితో తడిమి, "కంది" అని తీసి, "పెసర" అని పెట్టేవాడు. మా ఇంట్లో కొన్నాళ్లు చెక్కుతున్నారో చారు కాస్తున్నారో బయటివాళ్లకు అర్థమయ్యేది కాదు.

పదిహేను రోజులు ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. మామ కలాన్ని సుత్తితో కొట్టడు, అరచేత్తో తోస్తాడు. ఇత్తడి సన్నని చుట్టలు చుట్టుకుంటూ లేచి ఒళ్లో రాలేది. "కుడికి చీమంత మామా", "ఆగుండ్రి, ఇక్కడ గీత మళ్లింది", "బియ్యపు గింజంత కిందికి". చదువు రాని ఇద్దరం కలిసి ఆరు గంగాళాల మీద చదువు చెక్కాం. మూడో గంగాళం నాడు గాజులవ్వ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమే పిల్లా, మామ ముంగట మోకాళ్లు వట్టుకొని కూసున్నవ్. కామారెడ్డిల గిట్లనే కూసుంటరా?"

"మామ కథ చెప్తున్నడు అవ్వా."

"ఏం కథ?"

"గంగాళం కథ."

"అది నిండేదాక చెప్తడా?" అని మూతి తిప్పుకుంటూ పోయింది. నాకు ఏడుపొచ్చింది. కుడి ఎడమలు చెప్పడం మరిచాను. ఆ ఒక్కచోట గీత కొంచెం ఎగిరింది. మామ పాము తల కలంతో ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

నాలుగో గంగాళం మీద పని చేస్తూ మామ అన్నాడు, "నువ్వు చూస్తవ్, నేను తోస్త. ఇద్దరి పని ఒక్కరే చేస్తే ఎంత బాగుంటది. నేర్చుకో బిడ్డా. నా తర్వాత ఈ పెట్టె తెరిచేటోళ్లు లేరు."

"ఆడది ఇత్తడి మీద పేర్లు తీస్తే నవ్వుతరు మామా. నాకు అచ్చరం ముక్క రాదు."

"నాకొస్తదా?"

"పండ్లు వీకేటోని కోడలు గూడ పండ్లు వీకవట్టె అంటది గాజులవ్వ" అన్నాను. ఆయన నవ్వాడు. ఇంకోసారి అడగలేదు. అడగకపోతే పీడ పోయిందనుకున్నాను.

ఆ వారంలోనే ఒక వింత చూశాను. పెరటి గోడకు నేను కొట్టిన పిడకలు ఎండుతున్నాయి. మామ అక్కడ నిలబడి ఒక పిడకను గోడ నుంచి తీసి, దాని మీది నా చేతి అచ్చులో వేళ్లు పెట్టి తడుముతున్నాడు. మణికట్టు వైపు నుంచి బొటనవేలి దాకా జానతో కొలిచినట్టు, మళ్లీ మళ్లీ. ముసలాయనకు చూపుతో పాటు మతి కూడా పోతున్నదని జాలిపడ్డాను. "పొయ్యిల పెట్టనీకి నేను తెస్త గద మామా" అంటే, "ఆఁ, తేపో బిడ్డా" అని పిడక నా చేతికిచ్చి మెల్లగా లోపలికి పోయాడు.

ఇంకో నాలుగు రోజులకు పెట్టెలో కొత్త కలం కనిపించింది. మిగతా వాటి పక్కన అది పిల్లి పక్కన పిల్లిపిల్లలా ఉంది. పొట్టి పిడి, పొట్టి మొన, గుర్తేమీ లేదు. "గిదేంది మామా, గింత పొట్టిది? ఏ గింజ అంటియ్యాలె దీనికి?" అన్నాను.

"దానికి గుర్తు అక్కర లేదు."

"మరి దేనికి పనికొస్తది?"

"చూద్దాం తియ్" అన్నాడు. కోస్తుంటే పాడైపోయిన కలం కాబోలు, చెప్పుకోవడానికి మొహమాట పడుతున్నాడనుకున్నాను. దాన్ని వంటింట్లోకి తీసుకుపోయి అల్లం గోకడానికి పెట్టుకున్నాను. ఆయన వద్దనలేదు.

ఐతారం నాడు మాచారెడ్డి పెద్దాయన బండి వేసుకుని గంగాళాల కోసం వచ్చాడు. మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నాడు. పెద్దాయన ఒక్కొక్క గంగాళాన్ని తిప్పి తిప్పి చూసి, అక్షరాల మీద చెయ్యి పోనిచ్చి, "ముసలోడా, నీ కండ్లు సల్లగుండ. ఈ వయసుల గింత సాఫ్‌గ ఎట్ల తీసినవ్?" అన్నాడు. మామ తల వంచుకుని, "అంత అలవాటు, పటేలా" అన్నాడు.

తలుపు చాటున నాకు పాలు పొంగినట్టు రోషం పొంగింది. పదిహేను రోజులు నా నడుం వంగింది, వాడ చేత మాటలు పడ్డాను, గింజలు అంటించాను, చీమంత బియ్యమంత అని గొంతు పోయేలా చెప్పాను. కండ్లు చల్లగుండమని దీవించేది ఎవరి కండ్లనట? ఒక్క మాట, ఒక్కటే మాట అనుకున్నాను.

"నేను పక్కన కూసోని కుడికి ఎడమకు చెప్పకుంటే ఆ గీతలన్ని గోడెక్కుతుండె పటేలా. మామకు కనవడ్తదా ఏమన్ననా?"

అన్నాక గాని విన్లేదు నేను ఆ మాటను. పెద్దాయన మామ ముఖం ముందు చెయ్యి ఊపి చూడలేదు, ఆ మర్యాద ఆయనకుంది. గంగాళం మీది నుంచి చెయ్యి తీసి, నేల వైపు చూశాడు. మా ఆయన మాత్రం వచ్చి తండ్రి ముందు నిలబడ్డాడు.

"బాపూ, నా అంగి ఏ రంగుది?"

మామ నవ్వడానికి చూశాడు. "తెల్లదే గద. ఎప్పుడు తెల్లదే ఏస్తవ్."

ఆ రోజు మా ఆయన కొత్త నీలం అంగీ వేసుకొచ్చాడు.

తర్వాత పెద్దగా చెప్పడానికేమీ లేదు. గంగాళాలు బండెక్కాయి. ఆ నెలలో ఇంకెవరూ గిన్నె పట్టుకుని రాలేదు. సంక్రాంతి లోపే మా ఆయన ఇల్లు తాళం వేసి మమ్మల్ని కామారెడ్డికి తీసుకుపోయాడు. మంచి కొడుకు, తండ్రిని ఎండలో ఉంచకూడదనుకున్నాడు. నాకు నా రైలు దొరికింది. రోజుకు ఎన్నిసార్లు కూసినా ఏడుపు వచ్చేది. మామ అరుగు మీద కూర్చుని, "ఇది సామాన్ల బండి, ఇది మనుషుల బండి" అని చప్పుడును బట్టి చెప్పేవాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. అప్పుడప్పుడు "బిడ్డా, కంది తే" అనేవాడు. కందిగింజ కలం తెచ్చిస్తే అరచేతి గుంతలో పెట్టుకుని, గాలిలో రెండు గీతలు తోసి, తిరిగిచ్చేవాడు. తప్పు గీతను పండుకోబెట్టే పాము తల కలాన్ని నేనే అడక్కుండా చేతికిచ్చిన రోజులు ఉన్నాయి. ఎందుకిచ్చానో ఆయన అడగలేదు. కొన్నేండ్లకు, కిరసనాయిలు కోసం జనం వరుసలు కట్టిన ఏట ఆయన పోయాడు.

పెట్టె మాత్రం నాతోనే ఉంది. పిల్లలు, వాళ్ల పిల్లలు అయ్యాక, యాభై దాటిన నన్ను మధ్యాహ్నం పూట ఆడవాళ్ల బడికి పంపారు. మొదటి రోజు పలక మీద 'మ' రాయించారు. నా చెయ్యి దానంతట అదే తిరిగింది, అది ఏమిటో నోటికి తెలియకముందే. ఆ గీతల వెంట నేను పదిహేను రోజులు చీమంత కుడికి, చీమంత ఎడమకు నడిచి ఉన్నాను. కొన్నేండ్లకు మాచారెడ్డిలో ఒక పెండ్లికి పోతే వంటల దగ్గర ఆ గంగాళం కనిపించింది. అరవై మందికి పప్పు ఉడుకుతున్నది. పొగలో వంగి, వేలు పెట్టి చదివాను. ఊరి పేరు తెలిసింది, ఉమ్మడి అనే మాట తెలిసింది. ఒకచోట గీత ఎగిరి ఉంది. గాజులవ్వ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్న చోటు. వంటవాడు "అవ్వా, కాలుతది, జరుగు" అన్నాడు. జరిగాను.

మొన్న పాతకాలపు పనిముట్ల గురించి రాసుకుంటున్న ఒక పిల్లవాడు, మా మనవడి స్నేహితుడు, ఇంటికి వచ్చాడు. పెట్టె తెరిచి పేపరు మీద పరిచి, ఒక్కొక్కటి ఏమిటో, దేనికో చెప్పాను. వడ్లగింజ మొన, గోరు మొన, దువ్వెన, పాము తల, పండ్ల చక్రం. గింజలు కొన్ని రాలిపోయాయి, కొన్ని ఉన్నాయి. అతను అన్నీ రాసుకుని, నీళ్లు తాగడానికి వంటింట్లోకి వచ్చి, గూట్లో అల్లం ముక్క పక్కన ఉన్న దాన్ని తీశాడు.

"అవ్వా, ఇది పెట్టెల పెట్టలేదేంది?"

"అది పాడైన కలం బిడ్డా. అల్లం గోకేది."

"ఉక్కు అదే, పిడి అదే. పాడైనట్టు లేదు. దీన్ని ఎట్ల పట్టుకుంటరు?"

ఎట్లా పట్టుకుంటారో చూపిద్దామని చేతిలోకి తీసుకున్నాను. అరవై ఏండ్లు దాన్ని కత్తిలా పట్టాను గాని, కలంలా ఒక్కసారీ పట్టలేదు. పిడి గుండు పోయి అరచేతి గుంతలో కూర్చుంది. బొటనవేలు చాపి చూస్తే, మొన దాన్ని దాటి సరిగ్గా గోరంత బయటికి వచ్చింది.

ఆయన నా చెయ్యి పట్టి కొలవలేదు. కోడలి చెయ్యి మామ ముట్టకూడదు కదా. పెరటి గోడ దగ్గర, ఎండిన పిడక మీది నా చేతి అచ్చును కొలిచాడు.

పిల్లవాడు కాగితం మీద పెన్ను ఆనించి, "ఇది ఏం పనికి వస్తది, ఏం రాసుకోవాలె అవ్వా?" అన్నాడు. రాయకు బిడ్డా అన్నాను. పెట్టె మొత్తం కావాలంటే తీసుకుపొమ్మన్నాను, ఒక్కటి తప్ప. అది ఎందుకు ఇవ్వవని అడిగితే, రేపు పచ్చడికి అల్లం గోకాలి కదా అన్నాను. అతను పోయాక వంటింట్లో కూర్చుని, ఇత్తడి చెంబు ఒకటి ఒళ్లో బోర్లా పెట్టుకుని, దాని మీద మెల్లగా ఒక గీత తోశాను. వంకరగా వచ్చింది. "ఎడమకు, చీమంత" అని నాకు నేనే చెప్పుకున్నాను.